పాలకూ అప్రూవల్ కావలెను

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు టెక్ పార్కుల్లో ఉదారతకు కొదవ లేదు. టేబుల్ టెన్నిస్‌కు గది ఉంటుంది, కునుకు తీయడానికి గది ఉంటుంది, కుక్కపిల్లను ఆఫీసుకు తెచ్చుకోవడానికి ఏడాదికో పండగ ఉంటుంది. పాలు తీసుకోవాల్సిన బాలింత అడిగినప్పుడే "స్పేస్ ఇష్యూ మేడమ్" అంటారు.

అన్యాయంగా మాట్లాడకూడదు, కొన్నిచోట్ల గది ఉంది. తలుపు మీద గులాబీరంగు బొమ్మ, లోపల పాత మానిటర్లు, దీపావళి తోరణాల అట్టపెట్టెలు. తాళంచెవి ఫెసిలిటీస్ వాళ్ల దగ్గర. వాళ్లు టీకి వెళ్లారు. పాలు చేపుకొచ్చే వేళకు టికెట్ రెయిజ్ చేస్తే 'రిజాల్వ్‌డ్' అని సాయంత్రానికి మెయిలొస్తుంది. ఆలోగా కుర్తా తడుస్తుంది, రొమ్ము రాయిలా గట్టిపడుతుంది. రోజూ ఇలా తీయకుండా వదిలేస్తే పాలే తగ్గిపోతాయి. ఒంటికి ఎస్కలేషన్ పద్ధతులు తెలియవు పాపం!

చట్టం మాత్రం చల్లనిదే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలిచ్చింది. 2017 సవరణ సెలవును 26 వారాలు చేసింది. 50 మంది పనిచేసే సంస్థకు క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చని చెప్పింది. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కాన్పుకు ముందే 8 వారాలు వాడుకుంటే మిగిలేది 18. తక్కిన లోటు బిడ్డే సర్దుకోవాలి. స్టార్టప్ సంస్కృతి ఉయ్యాల్లోనే అలవడుతుంది.

ఇక కంపెనీ మాట్లాడిపెట్టిన క్రెష్ సిల్క్‌బోర్డు జంక్షన్ అవతల ఉందనుకోండి. ఆ సిగ్నల్‌ను రోజుకు నాలుగుసార్లు దాటే తల్లి, చివరిసారి చేరేసరికి బిడ్డను నేరుగా ఒకటో తరగతిలో చేర్చుకోవచ్చు.

పాలిచ్చే తల్లి హక్కుకు రాజ్యాంగం 21వ అధికరణ రక్షణ ఉందని 2021లో ఈ ఊళ్లోనే కర్ణాటక హైకోర్టు చెప్పింది. దేవుడు వరమిచ్చేశాడు. పూజారే మేనేజర్ అప్రూవల్ అడుగుతున్నాడు.

ఇదంతా మెడలో ఐడీ కార్డు వేలాడేవాళ్ల గొడవ. పీణ్య, బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో టార్గెట్ గంటల లెక్కన నడుస్తుంది. 30 మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల గది ఉండాలని ఫ్యాక్టరీల చట్టం ఏనాడో చెప్పింది సరే, మిషను ముందు నుంచి లేస్తే లైను ఆగుతుందని సూపర్‌వైజర్ చెబుతాడు. ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా? ఆ లైన్లో కుట్టే బట్టల్లో ఎక్కడో సముద్రాల అవతలి పసిపిల్లల గౌన్లూ ఉంటాయి.

ఆమె అడిగేది ఎంత? ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింట్, ఫ్రిజ్‌లో కాస్త చోటు, తలుపుకు లోపలి గొళ్లెం, టార్గెట్‌లోంచి కొట్టేసిన అరగంట. వీటికి బడ్జెట్ లేదు. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా వచ్చే తల్లిపాల వారోత్సవాల్లో బెలూన్లకు, 'తల్లుల నేస్తం మన సంస్థ' బ్యానర్‌కు, కేకుకు ఉంది. కోయండి, వద్దనడం లేదు. ఆ బాలింతను మాత్రం అక్కడికి పిలవకండి. మీరంతా కేకు చుట్టూ మూగిన ఆ పది నిమిషాలే ఆమెకు మీటింగ్ రూమ్ ఖాళీగా దొరికేది.