బిలాస్‌పూర్ హార్డ్‌డిస్కు స్వగతము

నేనొక హార్డ్‌డిస్కును. 1956లో ఐబీఎం సంస్థవారి రామాక్ యంత్రమునందు 50 పళ్లెములతో, 50 లక్షల అక్షరములను ధరించుచు వెలసిన మహాకాయుడు నా వంశమునకు మూలపురుషుడు. నేనన్ననో అరచేత నిముడుదును. నిమిషమునకు 5,400 మారులు తిరుగుదును. నా నివాసము బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, ఒక తెలుగు యువతి ఎడిటింగు బల్లమీద.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము మొదలుకొని శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి కొలువులకై వచ్చి, 2003లో ఈ యూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమగునాటికి ఇచ్చటనే తరములు గడపిన కుటుంబముల వృద్ధులను ఆమె చిత్రీకరించుచున్నది. ఆవిరియింజనులలో బొగ్గు వేసినవారి మాటలు, వారి యిల్లాండ్ర పాటలు, పాత ఫొటోల స్కానులు, అన్నియు నాలోనికే వచ్చినవి.

అయితే కెమెరా తన దృశ్యములకు పెట్టు పేర్లు మనుష్యులను గూర్చి యేమియు చెప్పవు. కార్డు మారినపుడు సంఖ్య మరల మొదటికి వచ్చుటయు కలదు; అపుడు ఇరువురు వృద్ధుల కంఠములు సీ0001 అను నొక్క పేరే ధరించి నా వాకిటికి వచ్చును. తొందరలో రెంటిని ఒకే ఫోల్డరున వేసి, పాతదానిని మార్చమన్నచో, రెండవది మొదటిదానిని తుడిచివేయును.

దీనికి ఉపాయము ఆమె తాతగారినుండి లభించినది. ఆయన రైల్వే యార్డులో వ్యాగనుల సంఖ్యలు వ్రాసికొను నంబర్‌టేకరుగా పనిచేసి విశ్రమించినవారు.

“ఇప్పటి వ్యాగను మీద పదకొండు అంకెలుంటాయమ్మా. మొదటి రెండూ దాని రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆపైన రెండూ తయారైన ఏడాది, నాలుగు దాని సొంత నంబరు. చివరిది సరిచూసుకునే అంకె. ముందు పదింటిలో ఒక్కటి తప్పు రాసినా అది పట్టిచ్చేస్తుంది.”

నాటినుండి ప్రతి దృశ్యమునకును సంవత్సరము, మాసము, దినము, కెమెరా, కార్డు, వ్యక్తి అను క్రమమున పేరు ఏర్పడినది. వరుసగా పేర్చినంతనే కాలక్రమము దానంతట నిలుచును. రషెస్ అను ముడి దృశ్యములు ఒకచోట, ధ్వని ఒకచోట, స్కానులు ఒకచోట, ఎగుమతులు వేరొకచోట. కార్డునుండి నాలోనికి నకలు దిగిన పిమ్మట తాతగారి సరిచూచు అంకె వంటి చెక్‌సమ్ కట్టి రెంటిని పోల్చిచూచి, సరిపోలిన తరువాతనే కార్డును తుడుచును. ఈ నియమము నాకు అత్యంత ప్రియము.

ప్రాజెక్టు ఫైలు దృశ్యమును తనయందు దాచుకొనదు. అది ఉన్నచోటి చిరునామాను మాత్రమే వ్రాసికొనును. ఎడిటింగు నడుమ ఒక్క ఫోల్డరు పేరు మార్చినను, మాట్లాడుచున్న ముసలమ్మ ముఖము మాయమై ‘మీడియా ఆఫ్‌లైన్’ అను ఎఱ్ఱని పలక వెలయును. ఆ ముసలమ్మ నాలోనే ఉన్నది. త్రోవ తెగినది, అంతియే. 1921 నాటి మూకీ చిత్రము ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రతి యొక్కటియు నేడు లేకపోవుట తెలుగువారికి తీరని లోటు. ఉండియు కానరాని దృశ్యము కూడ చూడవలసినవారికి అంతటి లోటే యని నా దృఢవిశ్వాసము.

యంత్రమునకు ఆయువు నిశ్చయము కాదు గనుక, మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, ఒకటి దూరమున అను నియమమును కూడ ఆమె పాటించుచున్నది. ఆ దూరపు ప్రతి కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో, 1931లో పూర్తియైన రాయపూర్–విజయనగరం మార్గమున, మేనమామగారి యింటికి పోయినది. ఆయన దానిని తెఱచి చెక్‌సమ్ కట్టి చూచి, అన్నియు సరిపోయినవని ఫోను చేసినారు. పిమ్మట ఆమె తరువాతి కార్డును నాకు జోడించినది.