ఎవరూ చూడని ముఖం

న్యూటన్‌ను ఆయన బతికుండగానే చిత్రకారులు ఎదుట కూర్చోబెట్టుకుని గీశారు. గెలీలియో గడ్డం ఎలా ఉండేదో పాత చిత్రాల్లో చూడొచ్చు. ఐన్‌స్టీన్ ఫొటోలకైతే లెక్కే లేదు. పుణె విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అయూకా అనే ఖగోళశాస్త్ర కేంద్రం ఉంది. అక్కడ కుండ్ అని పిలిచే మెట్ల ముంగిట్లో ఆ ముగ్గురి విగ్రహాలతోపాటు నాలుగోదాన్ని నేను, ఆర్యభటుడి విగ్రహాన్ని. నన్ను మలిచేవారి ముందు ఒక్క బొమ్మా లేదు. ఆయన రూపం ఎవరికీ తెలియదు. ఈ కళ్లూ ముక్కూ శిల్పి ఊహించి ఇచ్చినవే.

చార్లెస్ కొరియా ఈ కట్టడాలకు రూపం ఇచ్చాడు. గోడలకు కింద నల్లరాయి, దానిపైన ఇంకా నల్లని కడప రాయి, ఆపైన నిగనిగలాడే గ్రానైట్ పేర్చారు. తెలుగు నేల రాయి నా చుట్టూ ఉందన్నమాట. న్యూటన్ ఇంటి ఆపిల్ చెట్టు అంటు కూడా ఒకప్పుడు ఇక్కడ నాటారు. అది కొన్ని కాయలు కాసి, చివరికి ఎండిపోయింది. ఈ కేంద్రాన్ని నిలబెట్టిన జయంత్ నార్లీకర్ గారిని పిల్లలు ఆటోగ్రాఫ్ అడిగితే, కార్డు మీద ఒక ప్రశ్న రాసి పంపమనేవారు. జవాబు రాసి, దాని కింద సంతకం పెట్టేవారు. ఇక్కడి సంగతుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఆర్యభటుడు తన గురించి చెప్పుకున్నది బహు తక్కువ. కలియుగంలో 3600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లని తన గ్రంథం ఆర్యభటీయంలో రాశాడు. ఆ లెక్కన పుట్టింది 476లో. రూపం దొరక్కపోయినా మాట మిగిలింది. పడవలో ముందుకు సాగేవాడికి గట్టున ఉన్నవన్నీ వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి. కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు తోచడమూ అలాంటిదే, తిరిగేది భూమి అన్నాడు. భూమి తిరిగితే ఎత్తైనవన్నీ కూలిపోవాలి కదా అని 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు నిలదీశాడు. తర్వాతి వ్యాఖ్యాతల్లో కొందరు ఆర్యభటుడి మీద గౌరవంతోనే పడవ పోలిక చెప్పిన శ్లోకానికి వేరే అర్థం లాగారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది వీళ్లే. ఎదిరించినవాడు కనీసం ఆ మాటను ఆ మాటగా విన్నాడు.

ఇప్పటికీ నా ముందు నిలబడి, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని కూడా ఈయనే కనిపెట్టాడని పిల్లలకు చెప్పే పెద్దలున్నారు. కాదు. ఆయన లెక్కల్లో భూమి నడుమనే ఉంది, తన చుట్టూ తాను తిరుగుతోంది. ఆయన చేసింది చాలదా? గ్రహణాలకు కారణం రాహువు కాదు, నీడలన్నాడు. వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత 62,832 అని లెక్కగట్టి, అది దగ్గరి విలువేనని తానే చెప్పాడు. తన లెక్క ఎంతవరకు నిజమో దాచకుండా చెప్పిన మనిషికి లేని గొప్పలు అంటగట్టకండి.

ఆయన నిజంగా అన్నదానికి రుజువు ఈ కేంద్రం లోపలే ఉంది. 1851లో పారిస్‌లో ఫూకో చేసి చూపిన లోలకం లాంటిదే ఇక్కడా వేలాడుతోంది. భూమి తిరుగుతుండటంతో అది ఊగే దిక్కు మెల్లగా మారుతూ పోతుంది. పుణె అక్షాంశంలో పూర్తి చుట్టుకు దాదాపు 75 గంటలు పడుతుంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఆ దిక్కు మారడం వాళ్ల కంటికి ఆనేదాకా తొందరపెట్టకండి.