మిగిలితే మీకే!

హైదరాబాద్‌లోని మా ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక మాటకు తిరుగులేదు: కరోనా నుంచి ప్రపంచాన్ని కాపాడింది మనమే. ఈసీఐఎల్ చౌరస్తాలో కారెక్కితే గంటలో శామీర్‌పేట దాటి టీకా కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ. 2020 డిసెంబరు 9న అరవై పైచిలుకు దేశాల రాయబారులు బస్సుల్లో వచ్చి భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ చూసి వెళ్ళారు. పెళ్ళిచూపుల మర్యాదలన్నీ జరిగాయి. ముహూర్తాలు మాత్రం అప్పటికే వేరేచోట కుదిరిపోయాయి. ధనిక దేశాలు టీకా పుట్టకముందే జనాభాకు మించి డోసులు రాయించేసుకున్నాయి. కెనడావాళ్ళు రాయించుకున్నవన్నీ పొడిస్తే జబ్బ మీద చోటు చాలదు.

పేటెంట్లు సడలించండని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా డబ్ల్యూటీవోను అడిగాయి. ఇచ్చినా మీకు తయారుచేయడం రాదన్నారు ధనిక దేశాలవాళ్ళు. జీనోమ్ వ్యాలీ ఉన్న దేశంతో! టెక్సాస్ శాస్త్రవేత్తలు పేటెంటు లేకుండా ఇచ్చిన టీకాను బయోలాజికల్-ఇ కార్బెవాక్స్‌గా చేసి చూపించింది. డబ్ల్యూటీవో అరకొరగా సరేననేసరికి 2022 జూన్.

దానగుణం లేదనకండి. ఉంది, గడువు తేదీతో సహా. కొద్ది వారాల ఆయుష్షున్న సీసాలు నైజీరియాకు పంపితే, 2021 డిసెంబరులో అబుజాలో పది లక్షలకు పైగా డోసుల్ని చెత్తకుప్పలో పోసి బుల్డోజరుతో తొక్కించారు. పుణ్యానికి ఎక్స్‌పైరీ లేదు కాబట్టి దాతల ఖాతా భద్రం. పేద దేశాల కోసం పెట్టిన కోవాక్స్ 2021లోపు 200 కోట్ల డోసులిస్తానంది. అందులో సగం ఇచ్చేసరికి 2022 సంక్రాంతి వచ్చింది.

మనమూ తక్కువ తినలేదు. 'వ్యాక్సిన్ మైత్రి' అని 2021 జనవరిలో టీకాల్ని దేశదేశాలకు ఊరేగించి, సెకండ్ వేవ్ రాగానే ఎగుమతులు బంద్. ఆక్సిజన్ దొరక్క మనవాళ్ళే పోతుంటే అంతకన్నా ఏం చేస్తారులెండి, అది ఒప్పుకుంటాను. మరి మా కాలనీ సంగతో? ఇక్కడ స్లాట్ లేదని కోవిన్‌లో ఎక్కడో పల్లెటూరి పీహెచ్‌సీ వెతికి పట్టుకుని, ఏసీ కారులో వెళ్ళి పొడిపించుకొచ్చిన పెద్దమనుషులున్నారు. ఓటీపీ అంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకు తెలిసేలోపు అక్కడి సీసాలు ఖాళీ. సాయంత్రం పార్కులో కూర్చుని అదే పెద్దమనుషులు కెనడా స్వార్థాన్ని దుమ్మెత్తిపోశారు.

2025 మేలో మహమ్మారి ఒప్పందానికి జెనీవాలో చప్పట్లు కొట్టారు. ఈసారి మహమ్మారి వస్తే కంపెనీలు తయారుచేసే టీకాల్లో 20 శాతం డబ్ల్యూహెచ్‌ఓకి అందేలా చూస్తారట. ఎలాగన్న అనుబంధం తర్వాత రాసుకుందామన్నారు. అది తేలేదాకా కాస్త ఆగమని కొత్త వైరస్‌కు ఎవరైనా కబురు పెట్టాలి.