సెట్టింగ్ మామ

సెట్టింగ్ మామ దగ్గరికి బాగా పనిచేసే వస్తువు తీసుకెళ్లకూడదు. చిన్నబుచ్చుకుంటాడు. కొత్త డబ్బాలోంచి తీసిన ఇంటర్నెట్ డాంగిల్ చూపిస్తే, "ఇండ్ల మనం చేసేదేమున్నది అల్లుడా, పెడితె వస్తది" అని పక్కకు తిరిగి బీడీ వెలిగిస్తాడు. అదే మూత ఊడిపోయి, రబ్బరు బ్యాండు చుట్టుకున్న పాత నెట్‌సెట్టర్ చేతిలో పెట్టి చూడండి. నుదుటి మీది కళ్లజోడు ముక్కు మీదికి దిగుతుంది. "ఏమే, చాయ్ పెట్టు" అని వంటింట్లోకి కేక వెళ్తుంది. ఆ రాత్రి మీ భోజనం కూడా అక్కడే అన్నమాట.

సూరత్ తెలుగువాళ్లంటే ముందు లింబాయత్ పేరు చెబుతారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పనికి వలసపోయిన పద్మశాలీల పేట అది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఆ వలస ఎంత పాతదో తెలుస్తుంది. మామ మాత్రం తాపి నది దాటి ఉత్తరాన, అమ్రోలీ పక్కన, కోసాడ్ ఆవాస్ కాలనీలో పై అంతస్తులో ఉంటాడు. మగ్గాల షెడ్డులో, అక్కడి మాటలో చెప్పాలంటే ఖాతాలో, మాస్టర్. ఆగిన సాంచాను నడిపించడం ఆయన ఉద్యోగం. నడుస్తున్నదాన్ని ఆపి లోపల ఏముందో చూడటం ఆయన సరదా. షిఫ్టు దిగి ఇంటికి రాగానే ఉద్యోగం అయిపోయి సరదా మొదలవుతుంది.

ఆయన వైభవమంతా డాంగిళ్ల కాలంలో. శేట్ల కొడుకులు కొత్త మోడల్ కొనుక్కుని పాతది అమ్మేసేవారు. అది రెండు మూడు చేతులు మారి చివరికి మామ చేతికొచ్చేది. ల్యాప్‌టాప్‌లో గుచ్చగానే కంప్యూటర్ దాన్ని సీడీ డ్రైవ్ అనుకునేది. చూసేవాడు కంగారుపడేవాడు. మామ నవ్వేవాడు. కార్డు అని పిలిచే ఆ డాంగిల్‌లో చిన్న మెమరీ ఉంటుంది. ముందు సీడీలా కనబడి తన సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే వేషం మార్చి మోడెమ్ అవుతుంది. దీన్ని మామ ఇలా చెప్పేవాడు: "పెండ్లిచూపులకు వచ్చినప్పుడు ఒక తీరు, ఇంట్ల అడుగుపెట్టినంక ఒక తీరు. మన అల్లుండ్ల లెక్కనే." వింటున్నవాడు సొంత అల్లుడే అయినా మొహమాటం ఉండేది కాదు.

తర్వాత ఏపీఎన్, అంటే నెట్‌లోకి దారి చూపే పేరు. ఒక కంపెనీకి 'ఇంటర్నెట్', ఒకదానికి 'డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ', బీఎస్ఎన్ఎల్‌కు 'బీఎస్ఎన్ఎల్‌నెట్'. డయల్ నంబర్ మాత్రం స్టార్ 99 హ్యాష్. ఇవన్నీ మామకు కంఠతా వచ్చు. ఇంట్లో పిల్లల పుట్టినరోజులు రావు.

అసలు చిక్కు లాక్ దగ్గర. ఒక కంపెనీ అమ్మిన కార్డులో ఇంకో కంపెనీ సిమ్ వేస్తే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ పదిహేనంకెల ఐఎంఈఐ నుంచి లెక్కకట్టాలి. హువావే కార్డుల్లో పదిసార్లు తప్పు కొడితే ఇక తలుపు మూసుకున్నట్టే. మామ ఎనిమిదింటి దాకా ధీమాగా కొట్టేవాడు, తొమ్మిదోదానికి చెప్పులు విడిచేవాడు. పదోది కార్డు తెచ్చినవాడి చేత కొట్టించేవాడు. ఏదన్నా అయితే ఎవరి చెయ్యి మంచిది కాదో ఊరందరికీ తెలియాలి కదా.

సొంతూరి నుంచి కార్డు తెచ్చుకున్నవాళ్ల తంటా వేరు. 2010 వేలంలో 3జీ స్పెక్ట్రం ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్‌లకు దక్కితే, గుజరాత్‌లో టాటా, వొడాఫోన్, ఐడియాలకు దక్కింది. అక్కడ నీలం లైటుతో పరుగెత్తిన కార్డు ఇక్కడ పచ్చ లైటు దగ్గరే ఆగిపోతే, పచ్చ అంటే 2జీ అని తెలియని కుర్రాడు కార్డు చెడిపోయిందనుకునేవాడు. మామ వేలం కథ మొత్తం చెప్పేవాడు. స్పెక్ట్రం అమ్మిన మంత్రిగారికి కూడా అంత ఓపిక ఉండి ఉండదు. "మరి ఇప్పుడెట్ల మామా?" అంటే ఒకటే జవాబు: "థఈ జశే." అయిపోతుందిలే అని గుజరాతీ అభయం. ఎప్పుడో మాత్రం ఏ భాషలోనూ చెప్పడు.

సిగ్నల్ కోసం యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కట్టి డాంగిల్‌ను కిటికీ బయట వేలాడదీసేవాడు. దాని వెనక అత్త పిండి జల్లెడ డిష్ యాంటెన్నా అవతారం ఎత్తేది. నిజంగానే ఒక గీత పెరిగేది. అయితే వైరు పొడుగయ్యేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. పాత ల్యాప్‌టాప్ పోర్టు ఇచ్చేదే 500 మిల్లీ ఆంపియర్లు. అంచేత సిగ్నల్ వచ్చిన మరుక్షణం కార్డు పోయేది. ఈలోగా వంటింట్లో జల్లించని పిండితోనే రొట్టెలు అయ్యేవి. గొంతుకు ఏదన్నా అడ్డం పడితే అత్త "3జీ రొట్టె, నెమ్మదిగ తినుండ్రి" అనేది.

ఇంత సరంజామా అక్కరకొచ్చేది బతుకమ్మ ముందు. ఊరికి పోవాలంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. అహ్మదాబాద్ నుంచి వచ్చే ఆ బండి కోసాడ్ స్టేషన్ మీదుగానే దూసుకుపోతుంది గానీ ఆగదు. సూరత్ వెళ్లి ఎక్కాలి. ఎక్కాలంటే టికెట్టు కావాలి. 2012 జులై నుంచి తత్కాల్ పొద్దున పదింటికి తెరిచేవారు. ఆ పూట తొమ్మిదింటికల్లా మామ ఇంట్లో చాప పరిచి ఉండేది. పేర్లు, వయసులు రాసిన కాగితాలతో నాలుగిళ్లవాళ్లు కూర్చునేవారు. ముసలమ్మ తన వయసు పక్కవాళ్లకు వినపడకుండా చెప్పేది. పదింటికి పది నిమిషాలు ఉండగా నీలం లైటు నిలకడగా వెలుగుతోంది, పేజీ తెరుచుకుంటోంది. ఇంకేం కావాలి?

మామకు కావాలి. తన ప్రమేయం లేకుండా నడుస్తున్న యంత్రాన్ని చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. "ఆగుండ్రి, జర స్పీడు పెంచుత" అని సెట్టింగ్స్‌లోకి వెళ్లి '3జీ ఓన్లీ' నొక్కేవాడు. పై అంతస్తు కిటికీలో అరకొరగా అందే 3జీ ఆ షరతు వినగానే పారిపోయేది. 'నో సర్వీస్'. జల్లెడ తిప్పేవారు, కార్డు పీకి గుచ్చేవారు, మళ్లీ సీడీ డ్రైవ్ వేషం మొదలు. పదీ ఇరవైకి కనెక్టయ్యేది. "చూసిన్రా, వచ్చింది!" అని చప్పట్లు కొట్టేది ఆయనొక్కడే. అప్పటికి మిగిలిన వెయిటింగ్ లిస్టు ఆయనకు ఆనదు. కనెక్టయిందా లేదా అన్నదే లెక్క. ఆయన తెచ్చేది నెట్టు. దాంతో టికెట్టు తెచ్చుకోవడం మీ యోగ్యత.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే అన్నప్పుడు కూడా "అంత నెట్ల అయితది, కూసోండ్రి" అని భరోసా ఇచ్చాడు. ఆ సర్వేకు మనిషి ఇంటి దగ్గర కనబడాల్సిందే. సూరత్ నుంచీ భీవండీ నుంచీ జనం దొరికిన బండి ఎక్కారు. నిలబడటానికి చోటులేని జనరల్ పెట్టెలో కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉందట, ఆ చేతిలో వైరు, వైరు చివర డాంగిల్. ఎవరిదో చెప్పాలా?

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మామ కొలువు కూలింది. ఫోన్లోంచి హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్‌కు నెట్టు, మధ్యలో ఏ మామా అక్కర్లేదు. మనవడు ఒకరోజు ప్రేమగా "తాతా, హాట్‌స్పాట్ ఇయ్యన్నా?" అంటే, "అడుక్కునుడు సెట్టింగ్ కాదురా" అని కసిరాడు. సీడీఎంఏ నెట్‌వర్కులు మూతపడ్డాయి. ఆ కార్డులు తూకానికి అమ్మినా కొనేవాడు లేడు. మామ కొంటున్నాడు.

మొన్న ఒకటి తెచ్చాడు. దాని టవర్లు దేశంలో ఎక్కడా లేవని మనవడు ఎంత చెప్పినా వినలేదు. కొత్త విండోస్‌కు దాని డ్రైవర్ సరిపడక రెండు రాత్రులు కుస్తీ పట్టాడు. మూడో రాత్రి దాని పక్కన సన్నటి గాడి కనబడింది, మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునేది. మేనకోడలి పెండ్లి వీడియో ఉన్న చిప్పు అందులో దూర్చాడు. తెర మీద వీడియో ఆడింది.

"పనికిరాదన్నరు గద!" అని గల్లీ అంతా పిలిచాడు. జనం వచ్చి పెండ్లి చూశారు, చాయ్ తాగారు. మామ అప్పగింతల దాకా ఆగి, "ఆగుండ్రి, జర సౌండు పెంచుత" అని లేచాడు. అత్త వెళ్లి ల్యాప్‌టాప్‌కు అడ్డంగా కూర్చుంది.