బకాయిపట్నం బీటెక్

'మావాడు హైదరాబాద్‌ల యూనివర్సిటీల చదువుతుండు' అని ఊళ్లో చెప్పుకునే తండ్రికి అబద్ధమాడిన పాపం అంటదు. 1972లో పుట్టిన జేఎన్‌టీయూ నిజంగానే రాజధానిలో ఉంది, కూకట్‌పల్లిలో. మావాడు ఇబ్రహీంపట్నంలో ఉన్నాడు. ఆ రెండింటి నడుమ ఉన్నది హైదరాబాద్ మొత్తం. హాల్‌టికెట్ మీద ముద్ర యూనివర్సిటీది, పట్టా మీద సంతకం యూనివర్సిటీది. యూనివర్సిటీ గేటు మాత్రం మావాడు చూసి ఎరుగడు. ఎప్పుడైనా కూకట్‌పల్లి పోవాల్సి వచ్చిందంటే ఎక్కడో ఏదో బెడిసిందనే లెక్క: మెమోలో పేరు తప్పు పడి ఉండాలి, లేదా ఫలితం ఎక్కడో ఆగి ఉండాలి.

ఇబ్రహీంపట్నానికి తక్కువ చరిత్ర లేదు. కుతుబ్‌షాహీల కాలంలో, ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీద వెలసిన ఊరు, పెద్దచెరువు కట్టతో సహా. చెరువు కింద వరి పండేది. ఇప్పుడు సాగర్ రోడ్డు పొడవునా, మంగల్‌పల్లి నుంచి శేరిగూడ దాకా, బీటెక్ పండుతోంది. వరికి మద్దతు ధర ప్రకటించే సర్కారే బీటెక్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రకటిస్తుంది. ధాన్యం పైసలు ఆలస్యమైతే రైతు రోడ్డెక్కి అడుగుతాడు. ఇక్కడ ఆలస్యమైతే పంటనే పట్టుకుని గోదాంలో పెట్టి తాళం వేస్తారు. ఆ తాళం సంగతికి వస్తాను. ముందు పంట గోదాముకు ఎలా చేరుతుందో చూడాలి.

మెట్రో 2018లో ఎల్బీనగర్ దాకా వచ్చి, ఇక నావల్ల కాదని ఆగిపోయింది. అక్కడి నుంచి 277 నంబరు బస్సే దిక్కు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు జీరో టికెట్. మంచి పథకమే, కాకపోతే టికెట్టు జీరో చేసినవాళ్లు బస్సుల సంఖ్యను కూడా ఆ దిశగానే ఆలోచించినట్టున్నారు. మగపిల్లలు పాసు జేబులో పెట్టుకుని ఫుట్‌బోర్డు మీద ఒంటికాలి తపస్సు చేస్తారు. బీఎన్‌రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగుళూరు గేటు... స్టాపు వచ్చినప్పుడల్లా కిందికి దిగి, దిగేవాళ్లకు దారిచ్చి, బస్సు కదిలాక మళ్లీ ఉరికి పట్టుకోవాలి. వీపు మీది బ్యాగును ముందుగా లోపలున్న ఏ దోస్తుకో అందించాలి. చేతిలో ల్యాబ్ రికార్డు నలగకూడదు. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఘర్షణ గురించి చెప్పలేని పిల్లవాడు ఇక్కడ ఘర్షణ మీదే బతుకుతున్నాడు.

ఇంత ఉరుకులు దేనికి? జ్ఞానం అప్పుడే అయిపోతుందనా? కాదు, హాజరు. జేఎన్‌టీయూ నిబంధనల్లో వేదవాక్కు లాంటి అంకె ఒకటుంది: 75 శాతం. 65కూ 75కూ నడుమ పడితే కారణం చూపి, రుసుము కట్టి, కండోనేషన్ పొందాలి. 65 కన్నా దిగితే డిటెన్షన్, ఏడాది గోవిందా. కండోనేషన్ నెల వచ్చిందంటే కాలేజీల చుట్టుపక్కల అంటువ్యాధి లేకుండానే జ్వరాలు ప్రబలుతాయి. టైఫాయిడ్ వచ్చిన తేదీ, తగ్గిన తేదీ సరిగ్గా లోటున్న రోజులతో సరిపోతాయి. వైద్యశాస్త్రంలో ఇంత కచ్చితత్వం నిమ్స్‌లోనూ చూడం.

హాజరంటే చదువు మీద మమకారం అనుకునే అమాయకులకు ఒక మాట. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలుపెట్టింది. కూలి బిడ్డ, కౌలు రైతు బిడ్డ ఇంజనీరింగ్ గడప తొక్కారు. ఆ పుణ్యాన్ని కాదనేవాడు కళ్లుండీ గుడ్డివాడు. తర్వాత దానికి కొలతలు వచ్చాయి. ఎప్‌సెట్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లవాడికి ఏడాదికి రూ.35,000, మిగిలింది తండ్రి జేబులోంచి. ఆ డబ్బు రావాలన్నా హాజరుండాలి, వేలిముద్ర పడాలి. అంటే క్లాసులో కూర్చున్నది విద్యార్థి అని మనం అనుకుంటున్నాం. లెక్కల గదిలో చూస్తే అది కాళ్లొచ్చిన బిల్లు. బిల్లు రోజూ ఉదయం వచ్చి వేలు పెట్టిపోతే చాలు. దాని బుర్రలో ఏముందన్నది ఆడిట్ అంశం కాదు.

బుర్రలో ఏదైనా పెట్టాలంటే అమీర్‌పేట ఉంది కదా. నాలుగేళ్లు శేరిగూడలో కూర్చున్న పిల్లవాడు జావా, పైథాన్ నేర్వడానికి మైత్రీవనం సందులకు పోతాడు. అక్కడ హాజరు పట్టీ లేదు, కండోనేషన్ లేదు, డిటెన్షన్ లేదు. అయినా గది కిక్కిరిసి, గుమ్మంలో నిలబడి మరీ రాసుకుంటారు. కట్టేసినచోట చదువు లేదు, చదువున్నచోట కట్టేసే అవసరం లేదు. ఈ చిన్న ప్రయోగ ఫలితాన్ని ఏ విద్యామండలీ ఇంతవరకు రికార్డులో రాసుకోలేదు.

కాలేజీలు పూర్తిగా నిద్రపోతున్నాయని అనలేం. తనిఖీ కమిటీ వచ్చే వారం చూడండి. గోడలకు సున్నం, వరండాకు పూలకుండీలు, ల్యాబుకు కొత్త తాళంచెవి. ఎన్నడూ చూడని ప్రొఫెసర్లు సూటేసుకుని స్టాఫ్‌రూమ్‌లో ప్రత్యక్షమవుతారు. పిల్లలు వాళ్లను పోల్చుకోలేక సీనియర్ల తండ్రులనుకుని నమస్కారం పెడతారు. కమిటీ కారు బొంగుళూరు దాటకముందే డాక్టరేట్లు అంతర్ధానం. మిగిలేది నెలల తరబడి జీతం రాని కుర్ర లెక్చరర్. నిరుడు ఇదే బెంచీలో కూర్చున్నవాడు, ఈ ఏడు ఇదే బోర్డు ముందు నిలబడ్డాడు. ఆయన హాజరు మాత్రం నూటికి నూరు. ఎందుకంటే పోవడానికి ఇంకో చోటు లేదు.

ఆయన జీతమేదని యాజమాన్యాన్ని అడిగితే వేలు సెక్రటేరియట్ వైపు చూపిస్తుంది. అక్కడా అబద్ధం లేదు. బకాయిలు వేల కోట్లకు చేరాయి. 2025 సెప్టెంబరులో యాజమాన్యాలు సమ్మె అన్నాయి, సర్కారు రూ.1,200 కోట్లు ఇస్తామంది. ఆ మాట నిలవలేదంటూ నవంబరు 3 నుంచి కాలేజీలకు తాళాలు పడ్డాయి. మళ్లీ చర్చలు, మళ్లీ మాట, వారం తిరక్కుండా తాళాలు తెరుచుకున్నాయి. ఆ వారంలో పోయిన క్లాసులకు, వాయిదా పడ్డ పరీక్షలకు కండోనేషన్ రుసుము ఎవరు కట్టారో తెలుసుకోవాలని ఉంది.

ఇక తాళం సంగతి. బీటెక్ అయిపోయిన పిల్లవాడు, మంచాల వైపు నుంచి వచ్చిన తండ్రి, కాలేజీ ఆఫీసు కిటికీ. ఇలాంటి కిటికీలు రాష్ట్రమంతా ఉన్నాయి కాబట్టి ఊరూ పేరూ వద్దు.

'సార్, పిలగానికి నౌకరొచ్చింది. సర్టిఫికెట్లు ఇయ్యుండ్రి.'

'గవర్నమెంటు పైసలు రాలే పెద్దాయన. నువ్వు కట్టు. అవి రాంగనే వాపస్ ఇస్తం.'

'ఎప్పుడొస్తయి సార్?'

'అది నాకు తెలుస్తే నేనీడ ఎందుకుంట?'

కిటికీ అవతల క్లర్కు కూడా అబద్ధమాడలేదు. ఈ కథలో ఎవరూ అబద్ధమాడరు, అదే దీని గొప్పతనం. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోరాదని 2018లోనే యూజీసీ చెప్పింది. ఆ ఉత్తర్వు ఢిల్లీలో బయల్దేరింది, 277 బస్సు దొరకలేదేమో. అప్పు సర్కారుది, రావాల్సింది కాలేజీకి, కుదువలో ఉన్నది పిల్లవాడి పదో తరగతి మెమో. తండ్రి వడ్డీకి తెచ్చి కట్టి, మెమో విడిపించుకుని పోతాడు. ఉచిత చదువు మొత్తం మీద ఆ కుటుంబానికి నూటికి రెండు రూపాయల వడ్డీతో దక్కుతుంది.

నాదొక విన్నపం. కొత్త చట్టాలేమీ వద్దు. పిల్లలకు పెట్టిన నిబంధననే పెద్దలకూ పెట్టండి. ప్రతి సెమిస్టరు చివర సర్కారు విడుదల చేసిన ఫీజు శాతం, కాలేజీలో నిజంగా పాఠం చెప్పిన లెక్చరర్ల శాతం, వాళ్లకు అందిన జీతం శాతం నోటీసు బోర్డు మీద అంటించండి, మన పిల్లల పేర్లు అంటించినట్టే, ఎర్రసిరాతో. 75 దాటితే పాస్. 65కూ 75కూ నడుమ పడితే మంత్రిగారైనా, చైర్మన్‌గారైనా కారణం చూపి, రుసుము కట్టాలి. జ్వరం వచ్చిందంటే ఒప్పుకుందాం, మనమూ అలాగే గట్టెక్కాం కదా.

65 కన్నా తగ్గితే? నిబంధన నిబంధనే. డిటెన్షన్. వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్లీ మొదటి బెంచీలో కూర్చోవాలి, వేలిముద్ర వేసి మరీ. తండ్రులను తీసుకొస్తేనే క్లాసులోకి రానివ్వాలి. ఒరిజినల్స్ మాత్రం అప్పటిదాకా మా పిల్లల దగ్గరే ఉంటాయి.