ఆరున్నొకటికి టీకా

మూలం: లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది.

అవతారిక: వాసవీ కన్యకాపరమేశ్వరి పుట్టినిల్లయిన పెనుగొండలోనూ, చుట్టుపక్కల కల్లాల్లోనూ కుంచంతో ధాన్యం కొలిచేవారు పఠించిన గద్యమిది. కర్త తెలియదు. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక పారాయణం తగ్గింది.

ప్రతిపదార్థం: లాభం = ఒకటి; రెండు మొదలు ఆరు దాకా = స్పష్టం; ఆరున్నొకటి = అదే, పైకి అనకూడనిది; ఎనిమిది = హమ్మయ్య.

వ్యాఖ్య: కావ్యం ఆశీస్సుతోనో, నమస్కారంతోనో, వస్తునిర్దేశంతోనో మొదలు కావాలన్నారు లాక్షణికులు. "లాభం" అనే ఒక్క మాటలో ఆశీస్సూ వస్తునిర్దేశమూ రెండూ ఉన్నాయి. నమస్కారం మాత్రం లెక్క తేలాక కొన్నవాడు పెడతాడు.

ఇక "ఏడు" అంటే ఏడవమని కూడా కనుక షావుకారు నోట ఆ మాట రాదు. ఇక్కడి అలంకారం అపహ్నుతి అని కొందరు. పొరపాటు. అపహ్నుతిలో ఉన్నదాన్ని కాదనాలి. షావుకారు ఏడో కుంచాన్ని కాదనడు, దాని డబ్బూ వదలడు. ఉన్నమాటనే చుట్టు తిప్పి చెప్పాడు కాబట్టి పర్యాయోక్తమని మా మతం.

పూర్వపక్షం: ఏడు అంత చెడ్డదైతే గోదావరి ఏడు పాయలైందని పురాణమెందుకు చెప్పింది? సప్తసాగర యాత్రలెందుకు? పెళ్లిలో ఏడడుగులెందుకు? ఆపదలో ఎవరైనా "ఆరున్నొక్క కొండలవాడా!" అని మొక్కారా? మహిమ అంకెల్లోనే ఉందంటారా, పెనుగొండ స్థలపురాణంలోనే గోత్రాలు 714, అమ్మవారితో అగ్నిప్రవేశం చేసినవి 102. అంకెలు కూడితే రెండూ మూడుకే వస్తాయి. ఆ కథ చెప్పేవారు వాసవి తెగువ చెబుతారు గానీ కూడికలు చెప్పరు.

సిద్ధాంతం: దోషం అంకెలో లేదు, వినే చెవిలో ఉంది. మాట మారిస్తే పోతుంది. పైసా ఖర్చు లేదు, ఎవరికీ నష్టం లేదు. అందుకే ఈ భయాన్ని మన్నిస్తున్నాం.

ప్రక్షిప్తం: ఈ మధ్య ఎనిమిది మీద కూడా గండం పెడుతున్నారు. ఇది మూలంలో లేదు. 8, 17, 26 తేదీల్లో పుట్టినవారిని శనికి అప్పగించినది కీరో అనే ఐర్లండు దొర. పుస్తకం 1926లో అచ్చయింది. ఋషిప్రోక్తం అసలే కాదు. పైగా అవి ఇంగ్లీషు క్యాలెండరు తేదీలు. తిథి, వారం, నక్షత్రం చూసే పంచాంగానికి ఆగస్టు 17తో ఏం పని? అష్టమినాడు, అందులోనూ ఎనిమిదో సంతానంగా పుట్టిన కృష్ణుణ్ణి పూజించే చేతులే, పిల్లవాడి పేరులో అదనంగా ఒక ఇంగ్లీషు అక్షరం ఇరికించి ఫీజు చెల్లిస్తున్నాయి. బండి నంబరు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024లో హైదరాబాదు ఖైరతాబాదు రవాణా కార్యాలయ వేలంలో 9999 అంకె రూ.25 లక్షలు దాటింది. కుంచం పట్టినవాడు ఆ డబ్బుకు ఎంత ధాన్యమొస్తుందో లెక్క కట్టేవాడు.

డబ్బు పోతే పోయింది. మూల నక్షత్రంలో పుట్టిన ఆడపిల్ల మామగారికి గండమని సంబంధం తప్పించుకునేవారిని మాత్రం ఏ అలంకారశాస్త్రమూ కాయదు. ఆ పిల్లకు "ఆరున్నొకటి" లాంటి మారుమాటైనా ఎవరూ కనిపెట్టలేదు. అంకెకు చూపిన మర్యాద ఆమెకు దక్కలేదు.

తాత్పర్యం: కొలిచేవాడు మాట మార్చాడు గానీ ధాన్యం పారబోయలేదు. సంబంధాలు చూసే పెద్దలకు వ్యాఖ్యాత విన్నపం ఒక్కటే: పిల్ల పుట్టినరోజు తప్పకుండా అడగండి, ఏటేటా చీర పెట్టడానికైతేనే.