దృశ్యసాంకర్య శాస్త్రం: ప్రథమాధ్యాయం

1. అనుబంధ చతుష్టయం

ఏ శాస్త్రానికైనా విషయ, ప్రయోజన, అధికారి, సంబంధాలను ముందుగా నిరూపించడం పెద్దల సంప్రదాయం. ఒకే పెళ్ళిలో నానాజాతి కెమెరాలు ప్రసవించిన దృశ్యఖండాలను ఒకే టైమ్‌లైన్‌పై కలహం లేకుండా కాపురం చేయించడం ఈ శాస్త్రానికి విషయం. పెళ్ళివారు బాకీ చెల్లించి పెన్‌డ్రైవ్ పట్టుకుపోవడం ప్రయోజనం. ఫొటో స్టూడియో మేడమీది ఏసీ గదిలో, చెప్పులు గుమ్మం బయట విడిచి, రాత్రింబవళ్ళు మిక్సింగ్ చేసేవాడు అధికారి. సంబంధం మాత్రం వివాదగ్రస్తం: ఆడపెళ్ళివారి కెమెరాకూ మగపెళ్ళివారి కెమెరాకూ ఉన్నది వియ్యమేనని కొందరు, అదీ లేదని మరికొందరు.

2. పదార్థ నిరూపణం

మిర్రర్‌లెస్ కెమెరా, డ్రోన్, జిమ్మీ జిబ్, బంధువుల ఫోన్లు అని జనకభేదం చేత క్లిప్పులను విభజించడం లౌకికుల పద్ధతి. శాస్త్రజ్ఞులు ఫ్రేము స్వభావాన్ని బట్టి విభజిస్తారు. హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో ఫ్రేములు మూడు విధాలు. 'ఐ' ఫ్రేము స్వయంసంపూర్ణం. 'పీ' ఫ్రేము పూర్వికుల నుంచి సంక్రమించిన ఆస్తితో జీవిస్తుంది. 'బీ' ఫ్రేము వెనుకనున్నవారి నుంచీ, ఇంకా రావలసినవారి నుంచీ కూడా అప్పు తెచ్చుకుంటుంది. అందువల్ల మధ్యలో ఎక్కడ కోసినా కంప్యూటర్ ఆ వంశవృక్షమంతా తవ్వుకోవలసి వస్తుంది. ఫ్యాన్ ఘోష దాని బహిర్లక్షణం. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ క్లిప్పులలో ప్రతి ఫ్రేమూ ఎవరి కాళ్ళమీద వారు నిలబడ్డ గృహస్థు. కాకపోతే ఇల్లు పెద్దది కావాలి.

3. కాలతత్త్వ నిర్ణయం

ఈ శాస్త్రంలో కాలమే ప్రధానం, తక్కినవి అంగాలు. మన విద్యుత్తుకు సెకనుకు 50 ఆవర్తనాలు గనుకనూ, 625 గీతల పాల్ పద్ధతి మనకు చిరకాలంగా ఆచారం గనుకనూ, 25 ఫ్రేములే మనకు స్వధర్మం. 60 ఆవర్తనాల అమెరికాలో మొదట 30 ఉండేవి. అక్కడ 1953లో రంగుల ప్రసార నియమాలు కుదిరినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతంతో ఘర్షించకుండా 1001లో ఒక వంతు తగ్గించి 29.97 చేశారు. ఆ లోటు వల్ల గడియారానికీ టైమ్‌కోడ్‌కూ గంటకు 3.6 సెకన్ల వ్యత్యాసం పుట్టింది. పరిహారంగా డ్రాప్ ఫ్రేమ్ విధానం వచ్చింది: ప్రతి నిమిషారంభంలోనూ రెండు సంఖ్యలు లోపిస్తాయి, ప్రతి పదో నిమిషానా లోపించవు. క్షయతిథి వచ్చిన నాడు సూర్యోదయం ఎగిరిపోనట్లే, ఇక్కడ పోయేది సంఖ్యే గాని చిత్రం కాదు. ఈ సూక్ష్మం ఎరుగక, పోయిన ఫ్రేముల కోసం మెమరీ కార్డు గాలించేవాడికి రెండవ అధ్యాయం చెప్పరాదు.

పరధర్మ ప్రవేశం వల్ల 25 ఫ్రేముల టైమ్‌లైన్‌కు కలిగే బాధలు మూడు.

(అ) కంపనం. 29.97 క్లిప్పు నుంచి సెకనుకు సుమారు ఐదు ఫ్రేములు రాలిపోతాయి. కెమెరా మంటపాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి చూపుతుంటే అరటి స్తంభాలు కుదుపులతో నడుస్తాయి.

(ఆ) స్ఫురణం. అమెరికా అల్లుడు తెచ్చిన కెమెరా షట్టర్ 60లో ఒక వంతు మీద ఉండగా కల్యాణమండపపు ట్యూబులైట్ల కింద తీస్తే చిత్రం మిణుకుమంటుంది. 50లో ఒక వంతుకు దించితే శాంతిస్తుంది. తీసిన తరువాత తెలిస్తే శాంతి లేదు.

(ఇ) జారణం. ఇది దారుణం. ఫోను వెలుతురు తగ్గినకొద్దీ ఫ్రేముల సంఖ్యను తనకు తోచినట్లు మారుస్తుంది. దాన్ని స్థిరగతి అని నమ్మి టైమ్‌లైన్‌పై పరిస్తే, మొదట కలిసి నడిచిన ధ్వని, చిత్రం క్రమంగా ఎడమవుతాయి. గట్టిమేళం ముగిశాక తీరిగ్గా మూడోముడి పడుతుంది. ముందుగానే హ్యాండ్‌బ్రేక్ వంటి సాధనంతో స్థిరగతికి మార్చడం దీనికి నమ్మదగిన ఔషధం.

మొదట దిగిన క్లిప్పు ధర్మాన్నే టైమ్‌లైన్ మొత్తానికి అంటగట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గనుక, కుడికాలు పెట్టవలసింది 25 ఫ్రేముల క్లిప్పే. అపవాదం: 50 ఫ్రేములతో తీసినదాన్ని 25లో పరచి వేగాన్ని సగం చేయడం దోషం కాదు, అలంకారం. అది తలంబ్రాలకు విహితం, భోజనాల బంతికి నిషిద్ధం.

4. మతభేదాలు

పరివర్తనవాదులు అన్నిటినీ ప్రోరెస్‌లోకి మార్చనిదే కత్తెర ముట్టరు. హెచ్‌డీలో 25 ఫ్రేముల ప్రోరెస్ 422 గంటకు 55 జీబీ దాకా మింగుతుందని, ఏవీసీహెచ్‌డీలో ఆ గంట 11 జీబీలో ఒదుగుతుందని యథాతథవాదుల ఆక్షేపణ. ఆ ఆక్షేపకుల యంత్రమేమో 10 బిట్ 4:2:2 హెచ్.265 కనబడగానే స్తంభిస్తుంది. దాన్ని విప్పే శక్తి అనేక గ్రాఫిక్స్ కార్డులకు లేదు. ప్రతినిధివాదులు చిన్న ప్రాక్సీలతో కోసి, చివర అసలువాటిని నిలబెడతారు. సోమలత దొరకనప్పుడు పూతికతో యాగం నడపవచ్చన్న మీమాంసకుల మాట వీరికి బలం. అయితే అక్కడ ప్రతినిధితోనే యాగం ముగుస్తుంది. ఇక్కడ ప్రతినిధితోనే రెండరింగ్ ముగించినవాడు ఎల్‌ఈడీ తెర ముందు పెళ్ళికూతురి తండ్రికి సమాధానం చెప్పుకోవాలి. ఈ భేదాన్ని పాటించేవారి విషయంలో మాకు మూడో మతమే సమ్మతం.

5. ఉపకరణ ప్రకరణం

ఇది సంగ్రహంగా చాలు. ఫ్యాట్32 డిస్కు 4 జీబీకి మించిన ఫైలును భరించదు. విండోస్, మ్యాక్ రెండింటికీ ఎక్స్‌ఫ్యాట్ మధ్యవర్తి. యూఎస్‌బీ 2.0 పరమావధి సెకనుకు 480 మెగాబిట్లు, 3.0కి 5 గిగాబిట్లు. టైప్-సీ తీగలు రెండు వేగాలకూ ఒకే ముఖంతో పుడతాయి గనుక ముఖం చూసి నమ్మరాదు. నిన్న 'జీ' అక్షరం ధరించిన డిస్కును నేడు విండోస్ 'హెచ్' అని పిలిస్తే పెళ్ళంతా 'మీడియా ఆఫ్‌లైన్' అవుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పూర్వాక్షరం పునఃప్రదానం చేయడమే ప్రాయశ్చిత్తం. పూడిక తీసినట్లు ఒక్కో క్లిప్పూ వెతికి కలపడం తపస్సు.

6. ఊర్ధ్వదృశ్య విచారం

నిలువుగా తీసిన ఫోన్ క్లిప్పును 16:9 తెరపై నిలపడంలో మూడు పక్షాలు. ఇరువైపులా నలుపు విడవడం శూన్యపక్షం. దాని బొమ్మనే మసకచేసి పక్కల నింపడం ఛాయాపక్షం. పైన కింద కోసి వెడల్పు నింపడం శిరశ్ఛేదపక్షం. ఛాయాపక్షానికి నేడు ఆదరణ అధికం; శూన్యమే నిజాయితీ అని మా అభిప్రాయం. తీసినది పెళ్ళికొడుకు మేనత్త అయితే మూడింటి విచారణా అప్రసక్తం. ఆ క్లిప్పును పూర్తి నిడివితో, ఆమె వేలు లెన్సుకు అడ్డుపడిన భాగంతో సహా, ఉంచవలసిందే.